పది ఇళ్ళు తయారుగా ఉన్నాయి, తీసుకునే హౌసింగ్ అసోసియేషన్ దొరకట్లేదు. ఏం చెయ్యాలి?

ఇటుక_సున్నం:

అందరికీ నమస్తే. నాది తెనాలి. ఇంగ్లండ్‌కి వచ్చి పదకొండేళ్ళయింది, క్వాంటిటీ సర్వేయర్‌ని, అంటే కట్టుబడి ఖర్చుల లెక్కలు చూసేవాణ్ణి. ఇప్పుడు ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో ఒక చిన్న బిల్డర్ దగ్గర పని. చిన్న అంటే నిజంగానే చిన్న, ఆఫీసులో పద్నాలుగు మందిమి, ఏడాదికి ఒకటో రెండో సైట్లు. అందుకే కొటేషన్ల నుంచి కొళాయిల దాకా అన్నీ నా నెత్తినే పడతాయి, ఇదీ అలాగే పడింది.

ఒక పల్లెటూరి అంచున 34 ఇళ్ళ సైట్ చేస్తున్నాం. మా కౌన్సిల్ పాలసీ ప్రకారం 30 శాతం అఫర్డబుల్ హౌసింగ్, అంటే మార్కెట్ కంటే తక్కువకి దొరికే ఇళ్ళు, ఇవ్వాలి, లెక్క వేస్తే పది ఇళ్ళు. ఏడు అద్దెకి, మూడు షేర్డ్ ఓనర్‌షిప్‌కి (కొంత వాటా కొని, మిగతాదానికి అద్దె కట్టే పద్ధతి). ఇదంతా సెక్షన్ 106 ఒప్పందంలో రాసి సంతకాలు పెట్టాం. తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క: ఇది 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలో 106వ సెక్షన్. ప్లానింగ్ పర్మిషన్ కావాలంటే బిల్డర్ ఊరికి ఏమేం చెయ్యాలో అందులో రాసుకుంటారు. అది భూమికి అంటుకుని ఉంటుంది, రేపు ఆ స్థలం ఎవరు కొన్నా ఆ షరతులు వాళ్ళ మెడకే. అఫర్డబుల్ ఇళ్ళు కట్టేది మేమే కానీ అద్దెకిచ్చుకునే హక్కు మాకు లేదు. రెగ్యులేటర్ దగ్గర రిజిస్టరైన సంస్థకి, అంటే మామూలుగా తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే హౌసింగ్ అసోసియేషన్‌కి, మార్కెట్ ధర కంటే బాగా తక్కువకి అమ్మేయాలి.

అమ్మడానికి సిద్ధమే. కొనేవాళ్ళేరీ? ఎనిమిది అసోసియేషన్లకి మెయిల్ పెట్టాను. నలుగురు జవాబే ఇవ్వలేదు. ముగ్గురు "ప్రస్తుతం సెక్షన్ 106 ఇళ్ళు తీసుకోవట్లేదు" అని రెండు లైన్లు రాశారు. ఒకరు ధర చెప్పారు, ఆ ధరకి ఇస్తే కట్టుబడి ఖర్చు కూడా రాదు. మా బాస్ నాలుగైదేళ్ళ కింద చేసిన సైట్‌కి ఐదుగురు పోటీపడి బిడ్లు వేశారట, ఆ ధైర్యంతోనే ఈసారి ముందుగా ఎవరినీ అడక్కుండా కట్టేశాం.

అసలు టెన్షన్ ఇంకొకటి. పది ఇళ్ళూ అసోసియేషన్‌కి బదిలీ అయ్యేదాకా, మామూలు ఇళ్ళు 24లో సగానికి మించి ఎవరూ కాపురానికి రాకూడదని ఒప్పందంలో ఉంది. అంటే పన్నెండు. ఇప్పటికి పదకొండు కుటుంబాలు దిగిపోయాయి. పన్నెండోవాళ్ళు వచ్చే నెల దిగుతారు. పదమూడో ఇల్లు బుక్ చేసుకున్న జంట వారానికోసారి ఫోన్ చేసి తాళాలెప్పుడని అడుగుతున్నారు, ఆ అమ్మాయికి ఏడో నెల. ఏం చెప్పను?

ఆ పది ఇళ్ళేమో అన్ని హంగులతో ఖాళీగా నిలబడి ఉన్నాయి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా సైట్ మేనేజర్ తాళాల గుత్తి పట్టుకుని ఒక్కో ఇంట్లోకి వెళ్ళి, కొళాయిలన్నీ ఐదేసి నిమిషాలు తిప్పి వదిలి, టాయిలెట్లు ఫ్లష్ చేసి వస్తాడు, నీళ్ళు పైపుల్లో నిలవుండి బ్యాక్టీరియా పెరగకుండా. వెయిటింగ్ లిస్టులో ఇంగ్లండ్ మొత్తం మీద 13 లక్షల కుటుంబాలున్నాయంటారు. మేము మాత్రం ఖాళీ ఇళ్ళకి నీళ్ళు పోస్తున్నాం.

బిల్డర్లనీ అసోసియేషన్లనీ కలిపే క్లియరింగ్ సర్వీస్ అని ప్రభుత్వ హౌసింగ్ సంస్థ హోమ్స్ ఇంగ్లండ్ ఒకటి నడుపుతోంది కదా, దానివల్ల ఎవరికైనా పని జరిగిందా? ఇంకేం దారులున్నాయి? ఇందులో అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.


లీడ్స్_లలిత:

ఇటుక_సున్నం గారూ, నేను అవతలి గట్టున ఉన్నాను. ఒక హౌసింగ్ అసోసియేషన్ డెవలప్‌మెంట్ టీమ్‌లో ఆరేళ్ళుగా పని. మీలాంటి మెయిల్స్‌కి "తీసుకోవట్లేదు" అని రెండు లైన్లు రాసేది నాలాంటివాళ్ళే, కాబట్టి తిట్టుకోవాలంటే నన్నే తిట్టుకోండి.

క్లియరింగ్ సర్వీస్‌లో ముందు నమోదు చెయ్యండి, డబ్బులేమీ అడగరు. 2024 డిసెంబర్‌లో పెట్టారు. హోమ్ బిల్డర్స్ ఫెడరేషన్ వాళ్ళు అప్పట్లోనే లెక్క తీశారు, పర్మిషన్ వచ్చి కూడా కొనే అసోసియేషన్ లేక ఆగిన సెక్షన్ 106 ఇళ్ళు కనీసం 17,000 ఉన్నాయని. ఆ సర్వీస్ చేసే పనల్లా ఎక్కడ ఎన్ని ఇళ్ళున్నాయి, ఏ రకం, ఎప్పటికి తయారు అన్న వివరాలు బిల్డర్ల దగ్గర తీసుకుని, మాలాంటివాళ్ళకీ కౌన్సిళ్ళకీ కనపడేలా పెట్టడం. బేరంలో తలదూర్చరు, "నువ్వు కొను" అని మాకు చెప్పరు. మీ సమస్య "మేమున్నామని వాళ్ళకి తెలియదు" అన్నదైతే అది పనికొస్తుంది. మీరు ఎనిమిది మందికి మెయిల్ పెట్టారుగా, వాళ్ళందరికీ తెలుసు. కాదన్నది తెలియక కాదు.

ఎందుకు కాదంటున్నామో చెప్తాను. మాకొచ్చేది అద్దె ఒక్కటే. 2016 నుంచి నాలుగేళ్ళు ప్రభుత్వమే ఏటా అద్దెలు ఒక శాతం చొప్పున తగ్గించమంది. తర్వాత ధరలు మండిపోయిన ఏడాది, ఫార్ములా ప్రకారం 11 శాతం పెంచుకోవాల్సిన చోట 2023 ఏప్రిల్‌లో 7 దగ్గర కట్టేసింది. అద్దెకుండేవాళ్ళకి అది న్యాయమే, నేను కాదనను. కానీ మిస్త్రీలు, మెటీరియలు, అప్పు మీద వడ్డీ, ఇవేవీ 7 దగ్గర ఆగలేదు. దాని మీద 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది పోయాక పాత బిల్డింగుల గోడల తొడుగులు మార్చాల్సిన ఖర్చు. 2020లో రాచ్‌డేల్‌లో రెండేళ్ళ బాబు ఆవాబ్ ఇషాక్ ఇంట్లో బూజు వల్ల చనిపోయాడు, ఆ పిల్లాడి పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబర్ 27 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాణం మీదికొచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో సరిచెయ్యాలి, తీవ్రమైన చెమ్మ, బూజు అని ఫిర్యాదొస్తే పది పనిదినాల్లో వెళ్ళి చూడాలి. చెయ్యాల్సిందే, ముందే చేసి ఉండాల్సింది. అయితే ఆ డబ్బంతా కొత్త ఇళ్ళు కొనే సంచీలోంచే వెళ్ళింది. మా బోర్డు మీటింగుల్లో ఇప్పుడు మొదటి ప్రశ్న "ఎన్ని కొత్తవి కొంటున్నాం" అని కాదు, "వడ్డీ కట్టడానికి సరిపోను మిగులుతోందా" అని.

2025 జూన్‌లో ప్రభుత్వం పదేళ్ళకి 3,900 కోట్ల పౌండ్ల గ్రాంట్ ప్రకటించింది, 2026 ఏప్రిల్ నుంచి పదేళ్ళు అద్దెలు ద్రవ్యోల్బణం మీద ఒక శాతం పెంచుకోవచ్చంది. ఊపిరాడింది, నిజమే. కానీ సెక్షన్ 106 ఇళ్ళకి మామూలుగా గ్రాంట్ ఇవ్వరు, అవి బిల్డర్ తన లాభంలోంచి ఇవ్వాల్సినవని లెక్క. మరి గ్రాంట్ వచ్చే సొంత సైట్ ఒకపక్క, గ్రాంట్ లేని మీ పది ఇళ్ళు ఒకపక్క ఉంటే మా డబ్బు ఎటు పోతుందో మీరే చెప్పండి.

ఇక ఇళ్ళ సంగతి. ఏమీ అనుకోకండి, అడుగుతున్నాను. మీ మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు ఎన్ని చదరపు మీటర్లు? మూడో గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకుంటుందా? మేం ఇచ్చేది వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్న కుటుంబానికి, నలుగురైదుగురు నిండుగా ఉంటారు, ఒక గదిని ఆఫీసు రూమ్ చేసుకునే జంటకి కాదు. జాతీయ ప్రమాణం ప్రకారం రెండంతస్తుల మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు నలుగురికైతే 84, ఐదుగురికైతే 93 చదరపు మీటర్లు ఉండాలి. కట్టేటప్పుడు మా మనిషి ఒక్కసారైనా వచ్చి చూశాడా? గోడ మూసేశాక లోపల ఇన్సులేషన్ ఎలా పెట్టారో ఎవరికి తెలుసు? రేపు బూజు వస్తే ఫోన్ మోగేది మీకు కాదు, మాకు.

చివరిది, చాలామంది బిల్డర్లు పట్టించుకోనిది: మీ సెక్షన్ 106లో మార్ట్‌గేజీ క్లాజ్ ఎలా రాశారో ఒకసారి చదివి చెప్పండి. మిగతావి తర్వాత మాట్లాడదాం.


ఇటుక_సున్నం:

లలిత గారూ, థాంక్యూ అండీ. చదువుతుంటే కొంచెం కోపం, కొంచెం సిగ్గు రెండూ వచ్చాయి. మూడు బెడ్‌రూమ్‌లది 81 మీటర్లు. మూడో గది ఆరున్నర. మంచం వేస్తే తలుపు తెరుచుకుంటుంది, బీరువా వేస్తే తెరుచుకోదు. మీ మనిషి కాదు, ఎవరి మనిషీ రాలేదు.

క్లాజ్ చూశాను. "మార్ట్‌గేజీ" అన్న మాటే లేదు. అది అంత ముఖ్యమా?


లీడ్స్_లలిత:

ప్రాణం అండీ అది! మార్ట్‌గేజీ అంటే తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకు. మేము మీ ఇళ్ళు కొన్నాక వాటిని బ్యాంకుకి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాం, ఆ డబ్బుతో ఇంకో చోట కొంటాం, మా బండి నడిచేదే అలా. రేపు మేము దివాలా తీస్తే ఆ ఇళ్ళని షరతుల్లేకుండా అమ్ముకునే వీలు బ్యాంకుకి ఉందని ఒప్పందంలో ఉంటే, ఇంట్లో అద్దెదారు ఉన్న మార్కెట్ విలువ లెక్కన వాల్యుయేషన్ వేస్తారు. ఆ క్లాజ్ లేకపోతే ఎప్పటికీ సోషల్ హౌసింగ్‌గానే ఉండాలన్న లెక్కన వేస్తారు, అది బాగా తక్కువ. అదే ఇల్లు, అదే అద్దె, కాగితం మీద ఒక పేరా లేనందుకు అప్పు తగ్గిపోతుంది. మీకు తక్కువ ధర చెప్పినవాళ్ళని నేను సమర్థించట్లేదు గానీ, ఆ తక్కువలో కొంత భాగం ఈ పేరాదే అయి ఉంటుంది.


గోదారోడు_క్రాయిడన్:

ఇదేదో పెళ్ళి సంబంధాల గోలలా ఉంది. పిల్లా పిల్లాడూ ఇద్దరూ ఉన్నారు, పేరయ్య కూడా ఉన్నాడు, కట్నం దగ్గర తేలట్లేదు అంతే 😀

మనూళ్ళో ఈ బాధ లేదు సామీ. ఆంధ్రాలో టిడ్కో ఇళ్ళు, 300, 365, 430 అడుగులు అని మూడు రకాలు, ప్రభుత్వమే కట్టించి లాటరీ తీసి ఇచ్చింది. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు 560 అడుగులు. ఎవడికో అమ్మడం, వాడు కొననంటే బతిమాలడం ఇవన్నీ ఎందుకు, కౌన్సిలే కట్టేసుకోవచ్చుగా?


పాత_ప్లానర్:

గోదారోడు గారూ, టిడ్కో ఇళ్ళు కట్టాక రోడ్డూ, కరెంటూ, మురుగు కాలవా లేక ఎన్నేళ్ళు ఖాళీగా పడున్నాయో మీకు తెలియనిది కాదు. తెలంగాణలో మొదట్లో ప్రభుత్వం చెప్పిన రేటు గిట్టక చాలాచోట్ల టెండర్లకి కాంట్రాక్టర్లే ముందుకు రాలేదు. అక్కడా ఇక్కడా ముడి పడేది ఒక్కచోటే, కట్టేవాడి ఖర్చుకీ తీసుకునేవాడి చెల్లింపుకీ మధ్య ఉన్న తేడా ఎవరు భరించాలన్న దగ్గర. అక్కడ ఆ తేడా బడ్జెట్ నుంచి వస్తుంది లేదా రాక ఆగిపోతుంది, ఇక్కడ దాన్ని స్థలం ధరలోంచి పిండుదాం అని సెక్షన్ 106 పెట్టారు. పిండారు కూడా. ఇంగ్లండ్‌లో ఈమధ్య ఏళ్ళలో వచ్చిన అఫర్డబుల్ ఇళ్ళలో దాదాపు సగం దీనివల్ల వచ్చినవే. కాబట్టి దీన్ని ఊరికే తీసిపారెయ్యలేం.

ఇటుక_సున్నం గారికి. నేను రెండు కౌన్సిళ్ళలో కలిపి పదిహేనేళ్ళు ప్లానింగ్‌లో పనిచేసి బయటికొచ్చాను. మీరు చెయ్యకూడని పని ముందు చెప్తాను. "ఎవరూ కొనట్లేదు, కాబట్టి ఆ పది ఇళ్ళూ మార్కెట్‌లో అమ్ముకుంటాం, ఒప్పుకోండి" అని కౌన్సిల్‌కి ఉత్తరం రాయకండి. ఆ ఉత్తరం నేను నెలకొకటి చూసేవాణ్ణి. చూడగానే ఆఫీసర్‌కి వచ్చే మొదటి ఆలోచన వీడు స్థలానికి ఎక్కువ పెట్టి కొని ఇప్పుడు మా మీద రుద్దుతున్నాడని. నిజమో కాదో తర్వాత, మీ ఫైలు అక్కడే కిందికి వెళ్ళిపోతుంది.

ముందు ఒప్పందంలో క్యాస్కేడ్ ఉందో లేదో చూడండి. అంటే మెట్లు. ఇన్ని నెలలు ప్రయత్నించినా అసోసియేషన్ దొరక్కపోతే అద్దె ఇళ్ళని షేర్డ్ ఓనర్‌షిప్ చెయ్యచ్చు, అదీ కాకపోతే మార్కెట్ కంటే తక్కువకి స్థానికులకి నేరుగా అమ్మచ్చు, చిట్టచివరికి ఇళ్ళ బదులు కౌన్సిల్‌కి డబ్బు కట్టచ్చు, ఇలా ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. ఉంటే మీ అదృష్టం, లేకపోతే మార్పు ఒప్పందం చేసుకోవాలి. సంతకాలై ఐదేళ్ళు దాటితే మార్చమని అప్లికేషన్ పెట్టుకునే హక్కు 106ఎ కింద మీకుంది, కాదంటే అప్పీలుకి వెళ్ళచ్చు. మీది కొత్తది కాబట్టి కౌన్సిల్ ఒప్పుకుంటేనే. వాళ్ళ సాలిసిటర్ ఫీజు కూడా మీరే కట్టాలి, అది ఎలాగూ తప్పదు.

ఒప్పుకోవడానికి వాళ్ళకి కావలసింది రుజువు. ఎవరెవరికి ఏ తేదీన రాశారు, ఏం పంపారు, ఏమన్నారు, ధర చెప్పినవాళ్ళు ఎంత చెప్పారు, అన్నీ ఒక పట్టికలో. క్లియరింగ్ సర్వీస్‌లో పెట్టి ఇన్ని నెలలైంది, ఎవరూ రాలేదు అన్నది అందులో బలమైన వరస. నా దృష్టిలో ఆ సర్వీస్ వల్ల మీలాంటివాళ్ళకి పెద్ద లాభం ఇదే, సంబంధం కుదిర్చినా కుదర్చకపోయినా, మీరు మనసుపెట్టి వెతికారని సాక్ష్యం ఇస్తుంది.

ఇంకోటి, కౌన్సిల్ హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌నే అడిగారా? ప్లానింగ్‌ని కాదు, హౌసింగ్‌ని. ఒకే బిల్డింగ్‌లో ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, నన్ను నమ్మండి. సొంత ఇళ్ళున్న కౌన్సిల్ అయితే 2018లో అప్పుల పరిమితి ఎత్తేశాక కొందరు నేరుగా కొంటున్నారు, ముఖ్యంగా కుటుంబాలని హోటళ్ళలో పెట్టి బిల్లులు కట్టలేక అల్లాడుతున్నవాళ్ళు.

ఆ పన్నెండు ఇళ్ళ షరతు గురించి మాత్రం రేపే ఫోన్ చెయ్యండి. పది ఇళ్ళూ కట్టేసి ఉన్నాయి కాబట్టి మీరు ఎగ్గొట్టే మనిషి కాదని కళ్ళముందే ఉంది. పన్నెండుని పద్దెనిమిది చెయ్యమని అడిగితే, మిగతాదంతా తేలేలోపు అది ఇవ్వడానికి చాలామంది ఆఫీసర్లకి అభ్యంతరం ఉండదు. నోటిమాట చాలదు, కాగితం కావాలి. ఆ ఏడో నెల అమ్మాయి సంగతి కూడా రాయండి. ఆఫీసర్లూ మనుషులే.


బాబాయ్_బిల్డర్:

నేను ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా. లలితమ్మ చెప్పింది అంతా నిజమేగానీ అమ్మా, మీవాళ్ళ ధరలు కూడా ఒక్కోసారి మరీ అన్యాయం. మంచి రోజుల్లో మీరే మా వెంటపడి ఎగబడి కొన్నారు, మేమూ ఆ ధరలు చూసుకుని స్థలాలకి రేటు పెట్టాం. ఇప్పుడు చప్పున చెయ్యి వెనక్కి తీసేసుకుంటే స్థలం అమ్మినవాడు డబ్బు తిరిగిస్తాడా? పెద్ద కంపెనీలకి నొప్పి తెలియదు, వాళ్ళకి వంద సైట్లు. నలభై ఇళ్ళు కట్టేవాడికి పది ఇళ్ళు ఇరుక్కుంటే ఏడాది జీతాలు ఇరుక్కున్నట్టే.

అబ్బాయ్ ఇటుక_సున్నం, ఈసారికి అయిందేదో అయింది. వచ్చే సైట్‌కి చెప్తా విను. నువ్వు చేసిన తప్పు ఇళ్ళు కట్టడం కాదు, కట్టేశాక సంబంధం వెతకడం. అసోసియేషన్‌తో ప్లానింగ్‌కి ముందే కూర్చో, డ్రాయింగులు వాళ్ళతో దిద్దించు, సెక్షన్ 106 డ్రాఫ్ట్ వాళ్ళ లాయర్‌కి చూపించు. ఆ మార్ట్‌గేజీ పేరా రాయడానికి అప్పుడైతే పైసా ఖర్చు లేదు. తర్వాత పునాది లేచి దాని మీద ఒక వరస ఇటుక పడగానే స్థలం వాళ్ళకి రాసిచ్చెయ్, మా భాషలో గోల్డెన్ బ్రిక్ అంటాం. ఒట్టి ఖాళీ స్థలంగా కాకుండా కట్టుబడి మొదలైన ఇల్లుగా బదిలీ అవుతుంది కాబట్టి వ్యాట్ తలనొప్పి ఉండదు, అక్కణ్ణుంచి గోడలకింత పైకప్పుకింత అని దశలవారీగా డబ్బొస్తుంది. బ్యాంకు వడ్డీ సగం మిగులుతుంది. వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వారం వారం వచ్చి తినేస్తాడు, తిననీ.

ఇంకో దారి, సైట్ మొత్తం వాళ్ళకే అమ్మెయ్. సెక్షన్ 106లో రాసిన పది ఇళ్ళకి గ్రాంట్ రాదు, అవునా? మిగతా 24ని కూడా అఫర్డబుల్ చేస్తే ఆ 24కి గ్రాంట్‌కి వెళ్ళచ్చు, ఒప్పందం అడిగిన దానికంటే అదనం కాబట్టి. లాభం తక్కువ, కానీ ఒక్కడే కొనేవాడు, షో హౌస్ లేదు, సేల్స్ అమ్మాయి జీతం లేదు, తాళాలెప్పుడని ఫోన్లు లేవు. పోయినేడాది ఒకటి అలాగే చేశా. రాత్రిళ్ళు నిద్రపట్టింది.


లీడ్స్_లలిత:

బాబాయ్ గారూ, ధరల విషయంలో కొంత ఒప్పుకుంటాను. మాలో కొందరు "ఎలాగూ వీళ్ళకి వేరే దిక్కు లేదు" అని అడ్డగోలు ధర చెప్పడం నేనూ చూశాను. కానీ పోటీపడి ఎక్కువ పెట్టిన ఆ రోజులే తప్పు రోజులు. అప్పుడు తీసుకున్న ఇళ్ళ రిపేర్ బిల్లులే ఇప్పుడు కడుతున్నాం.

ఇటుక_సున్నం గారూ, పెద్ద అసోసియేషన్లని వదిలెయ్యండి. పది ఇళ్ళ కోసం ముప్పై మైళ్ళు రిపేర్ వ్యాన్ పంపడం మాకు గిట్టదు. మీ సైట్‌కి పది మైళ్ళలోపు ఎవరి ఇళ్ళున్నాయో చూడండి, వీధిలో నడిచి బోర్డులు చూసినా తెలుస్తుంది. వాళ్ళకి మీ పది, పక్కూరి నలభైకి కలిసొచ్చే పది. మెయిల్‌లో బ్రోషర్ పంపకండి, ఎండాకాలం ఆకాశం ఉన్న బొమ్మలు మాకొద్దు. ఫ్లోర్ ప్లాన్, చదరపు మీటర్లు, ఈపీసీ అనే ఇంధన పొదుపు రేటింగ్, వారంటీ కాగితం, సెక్షన్ 106 పూర్తి కాపీ, ఎస్టేట్ చార్జీ ఎంతో, రోడ్డు కౌన్సిల్ తీసుకుంటుందో లేదో. ఎస్టేట్ చార్జీ రాయకపోతే నేను మెయిల్ అక్కడే మూసేస్తాను.


మిల్టన్_కీన్స్_మాధవి:

నేను బిల్డర్‌నీ కాదు, ఆఫీసర్‌నీ కాదు, అలాంటి ఇంట్లో ఉంటున్నదాన్ని. షేర్డ్ ఓనర్‌షిప్‌లో 40 శాతం కొన్నాం, మిగతాదానికి అద్దె కడుతున్నాం. ఇప్పటి పద్ధతిలో 10 శాతంతో కూడా మొదలుపెట్టొచ్చు. లేకపోతే మాకు ఈ దేశంలో సొంతిల్లు అన్నది కలే, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

కానీ ఎస్టేట్ చార్జీ అని లలిత గారు రాశారే, అది మా ఇంట్లో రోజూ గొడవ. రోడ్డునీ, చిన్న పార్కునీ కౌన్సిల్ తీసుకోలేదు, ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ చూస్తుంది, గడ్డి కోసినందుకు ఏటేటా పెరిగే బిల్లు. అద్దె, మార్ట్‌గేజ్, సర్వీస్ చార్జీ, దాని మీద ఇది. కౌన్సిల్ ట్యాక్స్ ఎలాగూ ఉంది.

ఇంకో మాట. పోయిన వేసవిలో మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చారు. కారు దిగి మా వీధి చివరిదాకా నడిచి, "అమ్మాయ్, అటువైపు ఇళ్ళకి ముందు చెట్లున్నాయి, మీ వరసకి కార్లు పెట్టుకునే చోటే ఉంది, ఎందుకని?" అని అడిగారు. ఆవిడకి సెక్షన్ 106 తెలియదు, అయినా పావుగంటలో పట్టేసుకున్నారు ఏవి ఏ ఇళ్ళో. మీ పది ఇళ్ళూ ఒక్క మూలకే కట్టారా అన్నా? ఊరికే అడుగుతున్నా.


ఇటుక_సున్నం:

మాధవి గారూ, ఆరు ఒక మూల, నాలుగు మధ్యలో. ఆ ఆరూ కరెంటు సబ్‌స్టేషన్ పక్కన. సమాధానం చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

ఆరు వారాలైంది కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నా. పాత ప్లానర్ గారు చెప్పినట్టు పట్టిక చేసి, ఫోన్ చేసి, కాగితం మీద అడిగాను. పన్నెండుని పదహారు చేశారు, పద్దెనిమిది ఇవ్వలేదు. పదమూడో ఇంటి జంట పోయిన శనివారం దిగారు, ఆ అమ్మాయి మా సైట్ మేనేజర్‌కి కేక్ తెచ్చిచ్చింది, నాకు ఒక ముక్క కూడా మిగల్చలేదు మావాళ్ళు.

క్లియరింగ్ సర్వీస్‌లో పెట్టాక ఇద్దరు వివరాలు అడిగారు, ఒకరు 81 మీటర్లు చూసి ఆగిపోయారు. రెండోవాళ్ళు ఆరు మైళ్ళ దూరంలో ముప్పై ఇళ్ళున్న చిన్న అసోసియేషన్. అసలు వాళ్ళని నేను ముందే లిస్టులో పెట్టాల్సింది, పేరు కూడా వినలేదు. వచ్చి ఇళ్ళన్నీ తిరిగారు, వాళ్ళ సర్వేయర్ ఒకావిడ ప్రతి బాత్‌రూమ్ ఫ్యాన్ దగ్గరా టిష్యూ పేపర్ పెట్టి గాలి లాగుతోందో లేదో చూసింది, మూడింట్లో లాగట్లేదు, అవి మార్చాం. మార్ట్‌గేజీ పేరా చేర్చడానికి కౌన్సిల్ లాయర్ ఒప్పుకున్నారు, ఫీజు మాదే. షేర్డ్ ఓనర్‌షిప్ మూడూ తమకొద్దు, అమ్ముకునే మనుషులు తమ దగ్గర లేరు, పదీ అద్దెకే అయితే తీసుకుంటామంటున్నారు. కౌన్సిల్‌కి అద్దె ఇళ్ళే ఎక్కువ కావాలి కాబట్టి అది కుదిరేలా ఉంది, దానికి మళ్ళీ ధర తగ్గుతుంది. బాస్ క్యాలిక్యులేటర్ ముందేసుకుని మూడు రోజులుగా ఎవరితో మాట్లాడట్లేదు. కట్టుబడి ఖర్చయితే వస్తుంది, స్థలం డబ్బులో కొంత పోతుంది.

ఇంకా సంతకాలు కాలేదు. బాబాయ్ గారూ, వచ్చే సైట్ 22 ఇళ్ళు, డ్రాయింగులు ఇంకా గీస్తున్నారు, మీ నంబర్ మెసేజ్‌లో పెట్టగలరా? లలిత గారూ, ఆ ఫ్లోర్ ప్లాన్ మీకు ఒకసారి పంపిస్తే మూడో గదిలో బీరువా పడుతుందో లేదో చూసి చెప్తారా?


లీడ్స్_లలిత:

పంపండి. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాం అని మాత్రం అనకండి, ఆ ఉపాయం చాలామంది చూపించారు నాకు.